ఇరుగుపొరుగు దీవులు, దూరపు చుట్టాలు

పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి వైపు వెళ్తుంటే దారి పొడవునా జీడితోటలు తగులుతాయి. ఎండలు ముదిరి, తోటలో రాలిన ఆకు ఊడ్చే రోజుల్లో ఏ పొద కిందో కుబుసం బయటపడుతుంది. మామూలు కుబుసమైతే ఎవరూ పట్టించుకోరు. పది పన్నెండు అడుగులది దొరికితే మాత్రం ఆ పూటకి పని ఆగినట్టే. ‘సిలువదిరా’ అని ఒకరు, ‘కాదు మావా, గిరినాగుది’ అని ఇంకొకరు. పక్కనున్న ఒడియా కూలీలు ‘అహిరాజ’ అంటారు. సిలువ అంటే కొండచిలువ. గిరినాగు అంటే ఇంగ్లిష్‌లో కింగ్ కోబ్రా, అహిరాజ అనేది దానికి ఒడియా పేరు.

నిజానికి ఈ పంచాయితీ తెగడానికి అయిదు నిమిషాలు చాలు. కుబుసాన్ని కాస్త తడిపి, నడుం భాగాన్ని చదునుగా పరవాలి. పొట్ట కింది వెడల్పాటి పొలుసుల్ని వదిలేసి, ఈ అంచు నుంచి ఆ అంచుకి అడ్డంగా వరుసలు లెక్కపెట్టాలి. గిరినాగుకి 15 వరుసలు వస్తాయి. మన కొండచిలువకి 58 నుంచి 73 దాకా ఉంటాయి. తలభాగం చిరగకుండా దొరికితే లెక్క కూడా అక్కర్లేదు. గిరినాగు నెత్తి వెనక రెండు పెద్ద పొలుసులు పక్కపక్కన పలకల్లా ఉంటాయి. మామూలు నాగుపాముకి అవి ఉండవు. కొండచిలువకైతే పై పెదవి పొలుసుల్లో చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ఇంత తేలికైన గుర్తులుండగా, తోటలో అందరూ ముందు చూసేది పొడవు. పొరబడేదీ అక్కడే.

పెద్ద పాముల విషయంలో శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం ఇలాగే పొరబడ్డారు. పొడవు, రంగు, దొరికిన చోటు చూసి ఫలానా పాము ఫలానా దానికి చుట్టం అనుకున్నారు. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో బాగా తెలిసేది దీవుల్లో.

ప్రపంచంలో అన్నిటికంటే పొడవు పెరిగే పాము ఆగ్నేయాసియాలో ఉంటుంది. ఇంగ్లిష్ పేరు రెటిక్యులేటెడ్ పైథాన్. ఒంటి మీద చేపల వల పరిచినట్టు గీతలుంటాయి కాబట్టి ఇక్కడ వల కొండచిలువ అందాం. 1801లో జర్మన్ పండితుడు ష్నైడర్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. మన దేశంలో ఇది నికోబార్ దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేదు. బోర్నియో అడవిలో పట్టి, మత్తు ఇచ్చి కొలిచిన ఒక పాము 6.95 మీటర్లు తేలింది, అంటే దాదాపు 23 అడుగులు. ముప్పై, నలభై అడుగుల కథలు చాలా ఉన్నాయి గానీ, టేపు పెట్టగానే ఆ పాములన్నీ కుదించుకుపోతాయి.

ఇండోనేషియాలో సులావెసి దీవికి దక్షిణాన సెలాయార్ అనే దీవి ఉంది. సులావెసి కొసకి ఆనుకున్నట్టే ఉంటుంది. ఇంకా దక్షిణంగా, ఫ్లోరెస్ వైపు సముద్రంలో తానాజంపియా అనే మరో చిన్న దీవి ఉంది. రెండు చోట్లా వల కొండచిలువలు ఉన్నాయి. రెండు చోట్లా పొట్టివే. సెలాయార్‌లో 4 మీటర్లు దాటవు. తానాజంపియాలో 2 మీటర్లకి మించి పెద్దగా పెరగవు. మ్యాపు ముందు పెట్టుకుని ఎవరైనా ఏమనుకుంటారు? ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఈదుకుంటూ పోయిన ఒకే పొట్టి వంశం అనుకుంటారు.

2002లో మార్క్ ఔలియా బృందం ఈ పాముల పొలుసుల లెక్కల్ని, డీఎన్‌ఏని కలిపి చూసింది. ఫలితం మ్యాపుకి ఎదురు తిరిగింది. తానాజంపియా పాము దక్షిణాన ఫ్లోరెస్ వైపు దీవుల్లో ఉండే మామూలు పెద్ద పాములకి దగ్గరి చుట్టం. సెలాయార్ పాము, దానితో పాటు పక్కనే సులావెసిలో ఉండేది, వంశవృక్షంలో పూర్తిగా వేరే కొమ్మ మీద ఉన్నాయి. పరీక్షించిన మిగతా వల కొండచిలువలన్నీ ఒక కొమ్మ, ఈ సులావెసి వైపువి ఒక్కటే ఇంకో కొమ్మ. పొరుగున ఉన్న రెండు పొట్టి పాముల్లో ఒకదానికి ఇంకొకటి దూరపు బంధువు కూడా కష్టం మీద అవుతుందన్నమాట. ఔలియా బృందం రెండిటినీ వేర్వేరు ఉపజాతులుగా ప్రకటించింది. తానాజంపియా దానికి జంపియానస్ అని, సెలాయార్ దానికి సపుత్రాయి అని పేర్లు.

ఒడిశా సరిహద్దులో ఉన్నవాళ్లకి ఈ విషయం అర్థం కావడానికి ఇండోనేషియా దాకా పోనక్కర్లేదు. గజపతి, రాయగడ జిల్లాల వారపు సంతలో గంట నిలబడితే చాలు. తెలుగు, ఒడియా, సవర, కుయి అన్నీ ఒకే తక్కెడ చుట్టూ వినిపిస్తాయి. పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు ఏళ్ల తరబడి సవరల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. సవరకీ తెలుగుకీ మధ్య ఉన్నది ఒక కొండ వాలు మాత్రమే. శతాబ్దాల ఇరుగుపొరుగు. మాటలు అటూ ఇటూ బాగానే చేతులు మారాయి. అయినా సవరలో ఒకటి అంటే అబోయ్, రెండు అంటే బాగు, మూడు అంటే యాగి. ఇవి తెలుగుకి తగలవు. రెండుకి బార్ అనే సంతాలీకి తగులుతాయి. సవర ముండా భాషల కుటుంబానిది. ఇంకా వెనక్కి పోతే దాని చుట్టాలు కంబోడియాలో తేలతాయి. మరి పై కొండల్లో కోదులు మాట్లాడే కుయి? వినడానికి తెలుగువాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు, కానీ అది ద్రావిడ భాష, తెలుగుకి సొంత చుట్టం. మూడుని అది ముంజి అంటుంది.

సెలాయార్, తానాజంపియా పాములది ఇదే కథ. పక్కన ఉండటం వేరు, పుట్టుక వేరు. పోలిక కనిపిస్తే అది ఒకే తల్లి నుంచి వచ్చిందా, ఒకే రకం బతుకు నుంచి వచ్చిందా అని విడిగా అడగాలి.

పుట్టుకని డీఎన్‌ఏలో ఎలా చదువుతారు? ఆ పరిశోధనలో ప్రధానంగా వాడింది కణాల్లోని మైటోకాండ్రియా జన్యువుని. అది తల్లి నుంచి మాత్రమే పిల్లలకి వస్తుంది. మన ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వచ్చినట్టు, ఇది తల్లి వైపు ఇంటిపేరు. తరాలు గడిచేకొద్దీ అందులో ఒక్కో అక్షరం తప్పు పడుతూ పోతుంది. రెండు పాముల్లో ఒకే చోట ఒకే తప్పులు ఉంటే, ఆ తప్పు చేసిన ముత్తవ్వ ఇద్దరికీ ఒకటే. తప్పుల తేడా ఎంత ఎక్కువైతే విడిపోయి అంత కాలమైనట్టు.

ఇంటిపేరుతో ఉన్న చిక్కు కూడా ఇక్కడ ఉంది. మీ ఇంటిపేరు మీ తాతల్లో ఒక్కరి కథే చెబుతుంది, అమ్మమ్మ పుట్టింటి సంగతి అందులో ఉండదు. అలాగే ఒక్క మైటోకాండ్రియాని పట్టుకుని గీసిన వంశవృక్షంలో తండ్రుల రాకపోకలు కనిపించవు. మగ పాములు దీవులు దాటి జత కట్టినా ఆ సంగతి బయటికి రాదు. అందుకే తర్వాతి పరిశోధకులు తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే జన్యువుల్ని కూడా కలుపుకుని చూడటం మొదలుపెట్టారు. ఉపజాతి, జాతి అనే పేర్లని ఈ జాగ్రత్తతోనే తీసుకోవాలి. పెంపుడు పాముల వ్యాపారంలో ‘సూపర్ డ్వార్ఫ్’ అని ఒక్కో చిన్న దీవి పేరుతో ఒక్కో రకం అమ్ముతుంటారు. అది ధర పెంచే పేరు, వంశవృక్షంలో చోటు కాదు.

మన కొండచిలువ సంగతి ఇంకా విచిత్రం. వల కొండచిలువనీ దాన్నీ పక్కపక్కన పడుకోబెడితే అన్నదమ్ములనిపిస్తుంది. రెండూ చాలాకాలం ఒకే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల ఒకే గుంపులో, ఉన్నాయి కూడా. డీఎన్‌ఏ చూశాక తేలిందేమిటంటే, మన కొండచిలువకి దగ్గరివాళ్లు బర్మాలో, ఆఫ్రికాలో ఉన్నారు. వల కొండచిలువ, తిమోర్ కొండచిలువ కలిసి ఆస్ట్రేలియా, న్యూగినీ కొండచిలువల వైపు చేరాయి. 2014లో ఆ రెండిటికీ మలయోపైథాన్ అని వేరే ప్రజాతి పేరు పెట్టారు.

సరే, చుట్టరికం లేకుండా రెండు దీవుల్లోనూ పాములు ఎందుకు పొట్టివయ్యాయి? ఒక్క మాటలో చెప్పాలంటే తిండి. పెద్ద కొండచిలువ పెద్దదిగా బతకాలంటే అడవి పంది, జింక లాంటివి దొరకాలి. చిన్న దీవిలో ఎలుకలు, పక్షులు, బల్లులతో సరిపెట్టుకోవాలి. అంత ఒంటిని పోషించలేని చోట తక్కువ తిండితో త్వరగా ఈడుకొచ్చే చిన్న పాములే ఎక్కువ పిల్లల్ని మిగుల్చుతాయి. కొన్ని వందల తరాలకి దీవి మొత్తం పొట్టిదవుతుంది. బోనులో పెట్టి కడుపునిండా మేపినా ఈ దీవి పాములు బోర్నియో పాములంత పెరగవు. అంటే ఇది కేవలం ఆకలి వల్ల గిడసబారడం కాదు, పుట్టుకలోకి దిగిపోయింది.

తిండి ఇంకో వైపుకి కూడా లాగగలదు. ఆస్ట్రేలియా దక్షిణ తీరంలో టైగర్ స్నేక్ అనే విషసర్పం ఉంది. మంచుయుగం ముగిసి సముద్రం పెరిగినప్పుడు, 6,000 నుంచి 10,000 ఏళ్ల కిందట, తీరం ముక్కలై దీవులుగా మిగిలింది. ఒక్కో దీవిలో కొన్ని పాములు చిక్కుకున్నాయి. మౌంట్ చాపెల్ దీవిలో మటన్‌బర్డ్ అనే సముద్రపక్షి పిల్లలు బొద్దుగా, బోలెడన్ని దొరుకుతాయి. అక్కడి పాములు రాక్షసుల్లా పెరిగాయి. రాక్స్‌బీ దీవిలో దొరికేవి చిన్న నలికిళ్లు. అక్కడివి మరుగుజ్జులయ్యాయి. 2005లో స్కాట్ కియో బృందం వీటి డీఎన్‌ఏ చూస్తే, పెద్దవన్నీ ఒక వంశం, చిన్నవన్నీ ఒక వంశం అని తేలలేదు. ఏ దీవి పాము ఆ దీవిలో విడిగా పెరిగింది లేదా తగ్గింది. జన్యువుల్లో తేడా చాలా కొంచెం, ఒంటి సైజులో తేడా మాత్రం కొట్టొచ్చినట్టుంది.

పెర్త్ దగ్గరి కార్నాక్ దీవి ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడికి ఈ పాముల్ని 1930 ప్రాంతంలో పాములాటలవాడు ఒకడు తెచ్చి వదిలాడని చెబుతారు. అక్కడి తిండి సీగల్ పిల్లలు. వాటి తల్లులు ముక్కుతో పొడిచి పాముల కళ్లు పోగొడతాయి. చాలా పాములు గుడ్డివి, అయినా దిట్టంగానే ఉంటాయి. 2004లో ఫాబియన్ ఓబ్రే బృందం ఈ దీవి పాముపిల్లల్లో కొన్నిటికి పెద్ద ఎలుకల్ని, కొన్నిటికి చిన్నవాటిని పెట్టి పెంచింది. పెద్ద తిండి తిన్నవాటికి దవడలు పొడవయ్యాయి. అంటే రూపంలో కొంత భాగం వంశంలో రాసి ఉంటుంది, కొంత భాగం కంచంలో ఉంటుంది. ఈ రెండిటినీ కలగలిపేసి, దవడ పొడవు చూసి చుట్టరికం కట్టేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

అసలు ఏది దీవి అనేది కూడా తేల్చుకోవాలి. మల్కనగిరి జిల్లాలో సీలేరు నది మీద బలిమెల డ్యామ్ కట్టినప్పుడు నీళ్లు చిత్రకొండ వైపు కొండల మధ్యకి పాకాయి. 151 ఊళ్లు ‘కటాఫ్ ఏరియా’ అయిపోయాయి. ఆస్పత్రికైనా, సంతకైనా లాంచీ ఎక్కాల్సిందే. 2018 జులైలో 910 మీటర్ల గురుప్రియ వంతెన తెరిచేదాకా అదే బతుకు. మనుషులకి అది అక్షరాలా దీవి. కొండచిలువకి కాదు. అది బ్రహ్మాండంగా ఈదుతుంది, రిజర్వాయర్ దానికి అడ్డమే కాదు. పైగా యాభై అరవై ఏళ్లు అంటే దానికి పది పదిహేను తరాలు. కొత్త కొమ్మ పుట్టాలంటే దాటలేనంత అడ్డం ఉండాలి, అది చాలాకాలం ఉండాలి. అడ్డానికి అవతల చిక్కుకున్నవి కొద్దిగా ఉంటే పని ఇంకా త్వరగా జరుగుతుంది. కడుపుతో ఉన్న ఒక్క ఆడ పాము దుంగ మీద కొట్టుకొచ్చి దీవికి చేరితే, ఆ దీవి పాములన్నిటికీ ఆమె ఇంటిపేరే.

అందుకే సముద్రం మీద దూరం కంటే లోతు ముఖ్యం. సుమారు 20,000 ఏళ్ల కిందట సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి ఉండేది. సుమత్రా, జావా, బోర్నియో మధ్య ఉన్న సముద్రం లోతు తక్కువ. అప్పట్లో అదంతా నేల, ఆసియా ఖండంతో కలిసిపోయిన ఒకే అడవి. మ్యాపులో మూడు పెద్ద దీవుల్లా కనిపించేవి పాముల లెక్కలో నిన్నమొన్నటిదాకా ఒకే ఊరు. అదే ఫిలిప్పీన్స్‌లోని లుజాన్‌ని చూడండి. దాని చుట్టూ లోతైన సముద్రం. మంచుయుగంలో కూడా ఖండంతో కలవలేదు. మన దగ్గర పాక్ జలసంధి కూడా లోతు లేనిదే. శ్రీలంకకి నడిచి వెళ్లే దారి ఉండేది, మన కొండచిలువ అక్కడ కూడా ఉంది. గిరినాగు మాత్రం శ్రీలంకలో లేదు. దారి ఉన్నంత మాత్రాన అందరూ నడవరు. నీడ, చెమ్మ ఉన్న అడవి కావాలనుకునే పాముకి ఎండు మైదానం కూడా సముద్రమే.

గిరినాగు కథలో ఈ రెండు రకాల సముద్రాలూ ఉన్నాయి. ఇది విషసర్పాల్లో అన్నిటికంటే పొడవైంది. ఆకులు పోగుచేసి గూడు కట్టి గుడ్లు కాచే పాము ఇదొక్కటే. 1836లో కాంటర్ అనే డాక్టర్ బెంగాల్ ప్రాంతపు పాముని చూసి హన్నా అని పేరు పెట్టాడు. ఆ తర్వాత దాదాపు రెండు శతాబ్దాలు పడమటి కనుమల నుంచి ఫిలిప్పీన్స్ దాకా ఉన్న గిరినాగులన్నీ ఒకే జాతి అన్నారు. రంగులు, చారలు తేడాగా ఉన్నా ‘ఏ ప్రాంతంలో ఆ రంగు’ అని సరిపెట్టుకున్నారు.

2021లో గౌరీశంకర్ బృందం డీఎన్‌ఏతో నాలుగు వేర్వేరు వంశాల్ని చూపించింది. 2024లో వాటికి నాలుగు జాతులుగా పేర్లు ఖాయం చేశారు. హిమాలయాల అంచు, తూర్పు భారతం, బర్మా, ఇండోచైనా వైపు ఉండేది పాత పేరుతోనే హన్నా. మలయా ద్వీపకల్పం, సుమత్రా, బోర్నియో, జావాల్లో ఉండేది బంగారస్. లుజాన్ దీవిది సల్వటానా, ఒంటి నిండా దగ్గరదగ్గరగా కోణాల చారలు. పడమటి కనుమలది కాళింగ. పెద్దయ్యాక దీని ఒంటి మీద లేత చారలు 40 కంటే తక్కువ, వాటికి నల్ల అంచు ఉండదు.

పైన చెప్పిన లోతు లెక్క ఇక్కడ అచ్చు గుద్దినట్టు కనిపిస్తుంది. లోతు లేని సముద్రం మధ్యనున్న సుమత్రా, బోర్నియో, జావా మూడింటికీ కలిపి ఒకే జాతి. లోతు సముద్రంలో ఒంటరిగా ఉన్న లుజాన్‌కి సొంత జాతి. మరి పడమటి కనుమలు? అక్కడ నీళ్లేమీ లేవు. కానీ వానలు కురిసే ఆ కొండల వరసని దక్కను ఎండు మైదానం చుట్టుముట్టింది. గిరినాగు కళ్లతో చూస్తే కేరళ, కర్ణాటక కొండలు ఒక పొడవాటి దీవి.

ఇక్కడ సరిహద్దు తెలుగువాళ్లు ఒక పేరు దగ్గర తికమకపడతారు. మహేంద్రగిరి అంటే కళింగ రాజ్యానికి గుండెకాయ. అందుకని ‘కాళింగ’ అని కొత్త జాతికి పేరు పెట్టారని వార్త రాగానే, అది మన కొండల పామే అనుకోవడం సహజం. కాదు. ఆ పేరు కన్నడంలోది, గిరినాగుని అక్కడ కాళింగ సర్పం అంటారు. మనం చెప్పుకునే కాళీయమర్దనం వైపు నుంచి వచ్చిన మాట, కళింగ దేశానికి సంబంధం లేదు. కళింగ నేల మీద తిరిగే గిరినాగు కాళింగ కాదు, హన్నా. దాని చుట్టాలు పడమట కర్ణాటకలో లేరు, ఉత్తరాన, తూర్పున బెంగాల్, అస్సాం, బర్మా వైపు ఉన్నారు. సవరకి కంబోడియాలో చుట్టాలున్నట్టు, 1,501 మీటర్ల మహేంద్రగిరి మీది పాముకి థాయ్‌లాండ్‌లో అన్నదమ్ములున్నారు.

ఇది పేర్ల తగాదాగా మిగిలితే ఎవరికీ నష్టం లేదు. కానీ మన ఆస్పత్రుల్లో పాముకాటుకి ఇచ్చే ఇంజెక్షన్ నాలుగు పాముల విషంతో తయారవుతుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. గిరినాగు అందులో లేదు. గిరినాగు విషానికి మందు తయారుచేసే థాయ్‌లాండ్ నుంచి అప్పుడప్పుడు తెప్పించుకోవాల్సి వచ్చింది. నాలుగు వంశాలు లక్షల ఏళ్లుగా విడివిడిగా బతికినప్పుడు, విషం కూడా నాలుగు చోట్లా ఒకేలా ఉందని ముందే అనుకోలేం. ఎక్కడి పాము విషంతో చేసిన మందు ఎక్కడి కాటుకి ఎంత పనిచేస్తుందో చూడాలంటే ముందు ఏది ఏ కొమ్మదో తెలియాలి. గిరినాగు కాట్లు చాలా అరుదు. మనిషిని చూస్తే తప్పుకునే పాము అది. అయినా కొండ వాలున జీడితోట పనికి వెళ్లేవాళ్లకి ఆ అరుదు కాటు ఒక్కటే ఎక్కువ.

కొండల్ని దీవులుగా లెక్కపెడితే తూర్పు కనుమలు నిజంగా దీవుల గుంపే. మహేంద్రగిరి, రాయగడ కొండలు, కోరాపుట్‌లో 1,672 మీటర్ల దేవమాలి, మధ్యలో వరిపొలాలు, రోడ్లు, పోడు కొట్టిన వాలులు. పొలం గట్లు దాటి ఒక కొండ పాము ఇంకో కొండకి చేరుతున్నంత కాలం అవన్నీ ఒకే ఊరు. ఆ రాకపోకలు ఆగాయో లేదో పాముని పట్టుకోకుండానే తెలుసుకోవచ్చు. వదిలేసిన కుబుసంలో డీఎన్‌ఏ ఉంటుంది. తోటలో దొరికినప్పుడు దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మ పట్టి బూజొస్తుంది, కాగితం కవరులో ఆరబెట్టి ఉంచి అటవీ సిబ్బందికి ఇవ్వాలి. కవరు మీద తేదీ, ఊరి పేరు, తోట ఏ కొండ కింద ఉందో రాయాలి. అది రాయని కుబుసం ఏ పాముదో ల్యాబు చెప్పగలదు, ఏ కొండదో చెప్పలేదు.